కిరీటము దించు వేళ

2025 మే 31వ తేదీ రాత్రి హైదరాబాదులోని హైటెక్స్ ప్రాంగణమున ప్రపంచ సుందరి పోటీల తుది ఘట్టము జరిగెను. పోటీకి వచ్చిన 108 మంది యువతులలో థాయిలాండు దేశపు ఓపల్ సుచాతా చువాంగ్‌శ్రీ విజేతగా నిలిచెను. 2024 మార్చి 9న ముంబయి నగరమున ఆ బిరుదు నందిన చెక్ దేశపు యువతి క్రిస్టినా పిష్కోవా స్వహస్తములతో ఆమె శిరస్సున కిరీటముంచెను. అట్టి వేళ కరతాళధ్వనులన్నియు కొత్త రాణివే. పాత రాణి ఒక అడుగు వెనుకకు వేయును. ఈ ప్రసంగమున మేము ముచ్చటింపదలచినది ఆ వెనుకడుగును గూర్చియే.

ఈ పోటీల పరిభాషలో బిరుదు నిలుచు కాలమును పాలన అందురు. ఈ పాలనలో సేన లేదు, బొక్కసము లేదు, పన్ను లేదు. గడువు ఒక్కటి మాత్రము కలదు. గడువు ముగియు నాడు రాణి సభ ముందు నిలిచి, తనను తీర్చిదిద్దిన వారికి కృతజ్ఞత చెప్పుట వాడుకయైనది. ఆ నాలుగు మాటలు మర్యాదకొరకు పలికినవా, ఋణమెరిగి పలికినవా అనునది అప్పుడు తెలియదు. అటుపిమ్మట ఆమె బ్రదుకును చూచి తెలిసికొనవలసినదే.

చరిత్రను చూతము. 1951లో లండనున బ్రిటన్ ఉత్సవ సందర్భమున ఎరిక్ మోర్లీ అను నాతడు ఈ పోటీని ఒక్కమారు జరుప సంకల్పించెను. స్వీడన్ దేశపు కికి హాకన్సన్ ప్రథమ విజేత. ఒక్కమారనుకొన్నది ఏటేటి వేడుకగా స్థిరపడెను. 1966 నవంబరులో బొంబాయి గ్రాంట్ వైద్య కళాశాల విద్యార్థిని రీటా ఫారియా ఈ బిరుదు నందిన ప్రథమ భారతీయురాలయ్యెను. ఆ డిసెంబరుననే ఆమె అమెరికా హాస్యనటుడు బాబ్ హోప్ బృందముతో వియత్నాము వెళ్లి, అచటి అమెరికా సైనికులను అలరించుట స్వదేశమున విమర్శకు గురియయ్యెను. బిరుదు ధరించిన వారు ఎవరి పక్షమున నిలిచినట్లు కనబడుదురో ఆ ప్రశ్న నాడే పుట్టినది. ఏడాది ముగియగనే ఆమె సినిమాలను, ప్రకటనల కొలువును కాదని, లండను కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో చదువు సాగించి వైద్యురాలయ్యెను. కిరీటమామెకు మజిలీయే గాని గమ్యము కాలేదు.

మన తెలుగు పిల్ల ముచ్చట యొకటి. హైదరాబాదులో పుట్టి, వాసవి ఇంజనీరింగు కళాశాలలో చదివిన మానస వారణాసి 2021 ఫిబ్రవరి 10న 2020వ సంవత్సరపు ఫెమినా మిస్ ఇండియా వరల్డ్ బిరుదు నందెను. మహమ్మారి మూలమున ప్రపంచ పోటీ తుది ఘట్టము 2021 డిసెంబరు నుండి 2022 మార్చికి వాయిదాపడెను. ఏడాది యనుకొన్న గడువు రమారమి పదునేడు మాసములకు పెరిగెను. పసిబిడ్డలపై జరుగు లైంగిక దౌర్జన్యములను నివారించుటకై వి కెన్ అను కార్యమును ఆమె చేపట్టెను. 2022 జులై 3న బిరుదు సినీ శెట్టికి సంక్రమించెను. ఇట్టి సేవ ఈ పోటీల నియమములలో నొక భాగమని కొందరు చులకన చేయుదురు. కావచ్చును. నియమము వలన మొదలైన మేలు సైతము మేలే గదా!

అయితే 2025 పోటీల నడుమ మన గడ్డమీద జరిగిన సంగతి యొకటి మమ్ము ఆలోచింపజేసెను. మే 14న పోటీదారులు కొందరు ములుగు సీమలోని రామప్ప గుడికి వెళ్లిరి. 1213 నాటి ఆ కాకతీయ దేవళమునకు 2021లో ప్రపంచ వారసత్వ స్థానము లభించినది. గుడిలో ప్రవేశించుటకు ముందు స్థానిక స్త్రీలు అతిథుల పాదములపై నీరు పోసిరి. పాదములు తుడిచిన దృశ్యము కూడ పత్రికల కెక్కెను. ఇది అతిథి మర్యాద యని కొందరు, మన ఆడబిడ్డలకు అవమానమని కొందరు వాదించిరి.

వచ్చినవారికి కాళ్లు కడుగ నీళ్లిచ్చుట మన యిండ్లలో ఎరుగని ఆచారము కాదు. కాని యింటి యజమాని తన యింట తానే ఇచ్చును. పిమ్మట ఇచ్చినవారు, పుచ్చుకొన్నవారు ఒకే పంక్తిన కూర్చుందురు. ఆ పంక్తి లేనప్పుడు మర్యాద ఊడిగముగా కనబడును. చిక్కంతయు ఒక్క ప్రశ్నలో ఉన్నది: కిరీటమునకు, కిరీటము లేనివారికి నడుమ కృతజ్ఞత ఎటునుండి ఎటు ప్రవహింపవలెను?

దీనికి సమాధానము వెదకుటకు దూరదేశములు పోనక్కరలేదు. రామప్ప నుండి వాయవ్యముగా సాగి గోదావరి దాటినచో పూర్వపు ఆదిలాబాదు జిల్లా వచ్చును. 2016 అక్టోబరులో ఆ జిల్లా నాలుగైనది. అచటి రాజగోండులు ఆశ్వయుజ పూర్ణిమ దాటిన పిమ్మట దీపావళి వరకు దండారి పండుగ జరుపుకొందురు. అందు గుస్సాడీలు ప్రధానులు. శిరస్సున నెమలి పింఛముల పెద్ద కిరీటము, మేన బూడిద, భుజమున చర్మము, చేత దండము, కాళ్లకు గజ్జెలు. గుమేల, పెప్రె, కాలికోం వాద్యములు మ్రోగుచుండ వారు ఊరి నుండి ఊరికి అతిథులై పోవుదురు. ఆతిథ్యమిచ్చిన ఊరు మరల అతిథియై వచ్చును. ఆ రాకపోకలలోనే పెండ్లి సంబంధములు కూడ కుదురును.

కిరీటము ధరించిన దినములలో గుస్సాడీ సామాన్యుడు కాడు. దైవాంశ తనయందు నిలిచినదని ఊరు నమ్మును. పెద్దలు సైతము మ్రొక్కుదురు. అందుచేత అతనికి సుఖము పెరుగదు, నియమము పెరుగును. ఆ దినములలో అతడు స్నానము చేయరాదు. తుదకు కోలబోడి అను క్రతువు జరుగును. పూజ ముగిసి, కిరీటములు దిగి, మరుసటి యేటికై భద్రపరుపబడును. నిన్న దేవుడై మ్రొక్కులందినవాడు నేడు తన చేను చూచుకొనబోవును. అతడు చిన్నవాడైనాడని ఎవరు ననుకొనరు. కిరీటము దైవమిచ్చిన ఎరువు. ఎరువు తెచ్చిన వస్తువును తిరిగి యిచ్చుటలో చిన్నతన మేమున్నది?

ఈ కళకు మహోపాధ్యాయుడు మర్లవాయి గ్రామవాసి కనక రాజు. 1980ల ఆరంభమున ఢిల్లీ గణతంత్ర వేడుకలలో గుస్సాడీ బృందమును నడిపి, పిమ్మట ఎందరో యువకులకు ఆ నాట్యము నేర్పెను. 2021లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను. 2024 అక్టోబరులో, దండారి దినములలోనే, ఆయన తనువు చాలించెను. ఆయన దించిన కిరీటము ఏ పెట్టెలోను మూలుగుట లేదు. శిష్యుల శిరస్సులపై ఆడుచున్నది. గురువునకు కృతజ్ఞత అనిన ఇంతకు మించి ఏమి కావలెను?

ఆ మర్లవాయికి కృతజ్ఞత పాత విద్యయే. 1940ల దశకమున గోండుల కష్టములను పరిశీలింప వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ఆ ఊర నివసించెను; అచటనే గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పూనుకొనెను. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణింపగా ఆమెను మర్లవాయిలోనే సమాధి చేసిరి. ఏటేట ఆ దినమున గ్రామము వారిని స్మరించును. ఏ పదవియు మిగులని వారికి ఇచ్చు గౌరవమే అచ్చమైన గౌరవము.

గోదావరికి ఈవల కరీంనగరు సీమకు వత్తము. ఇచట బతుకమ్మ తొమ్మిది దినములు రాణి. ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల నాడు ముగియును. వేములవాడలో మాత్రము ఏడవ నాడే సద్దులు. తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన ఆ తల్లి చుట్టు వీథి వీథియు తిరుగును. ముగింపున ఆమెను అద్దములో దాచుకొనరు, చెరువున సాగనంపుదురు. శిఖరముననున్న పసుపు గౌరమ్మను తీసి, ఆ పసుపును ఒకరికొకరు పూసికొని, తెచ్చిన సద్దులు పంచుకొని ఇండ్లకు మరలుదురు. రాణి పోయినది, ఆమె పసుపు అందరి చెంపలపై మిగిలినది. పూలు పేర్చిన చేయియే పసుపు నందుకొనును.

రామప్ప ముంగిట లేచిన ప్రశ్నకు మా సమాధానమిదియే. కృతజ్ఞత కిరీటము నుండి క్రిందికి దిగవలెను. పూలు కోసిన వారికి, వాద్యము మ్రోయించిన వారికి, పాదములకు నీళ్లిచ్చిన వారికి చేరవలెను. వేదికపై నాలుగు మాటలతో ఆ ఋణము తీరదు. వైద్యురాలై తీర్చినవారున్నారు, శిష్యులను దిద్ది తీర్చినవారున్నారు. బిరుదులు చిన్నవో పెద్దవో మన అందరికి వచ్చును, పోవును. ఉద్యోగమున పెద్దరికము, ఊరిలో పెత్తనము, ఇంటిలో తాళపుచెవుల గుత్తి, ఇవి యన్నియు గడువు గల కిరీటములే. దించు దినము వచ్చునప్పుడు చేతులు వణకకుండుటకు గుస్సాడీ వలె ముందునుండియే అభ్యసింపవలెను.