మా ఇంటి కంప్యూటర్ ఎందుకు నిదానమైంది? ఒక చిన్న చరిత్ర

ముందుమాట

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే అని నేను అనుకుంటూ ఉండేవాణ్ణి. మా ఇంటి ల్యాప్‌టాప్ నిదానమైపోయిన తర్వాత, ఒక యంత్రానికి కూడా చరిత్ర ఉంటుందని తెలిసింది. ఆ చరిత్ర ముందే తెలిసి ఉంటే మా అవ్వ గొంతు పోయి ఉండేది కాదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ల్యాప్‌టాప్ వచ్చిన కథ

తమిళనాడులో ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని 2011 సెప్టెంబరు 15న, అంటే అన్నాదురై గారి పుట్టినరోజున, అప్పటి ముఖ్యమంత్రి జయలలిత గారు ప్రారంభించినారు. ప్రభుత్వ బడులకూ ఎయిడెడ్ బడులకూ ఆ పథకం వర్తించింది. మా చిన్నాయన ప్లస్ టూ చదివేటప్పుడు 2013లో ఆయనకూ ఒకటి వచ్చింది. మా వీధిలో అదే మొదటి కంప్యూటర్. దాన్ని చూడటానికి పక్కింటివాళ్ళు కూడా వచ్చినారంట.

చిన్నాయన పనికి చెన్నై పోయేటప్పుడు దాన్ని మాకు వదిలిపెట్టినాడు. పోయేముందు మా అవ్వను కూర్చోబెట్టి ఆమె పాటలు, కథలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో దాచినాడు. మొత్తం పదకొండు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ పక్కన ఉన్న మా నల్లరేగడి పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇండ్లు చాలా ఉన్నాయి. విజయనగరం, మదురై నాయకుల కాలంలో మన పెద్దలు ఇక్కడికి వచ్చినారని చెబుతారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ గారు ఇటువంటి తెలుగు కుటుంబాల వలసనే 1976లో 'గోపల్ల గ్రామం' అని తమిళ నవలగా రాసినారు. మా అవ్వ చెప్పేది కూడా అదే మాదిరి కథలే. కాకపోతే ఆమె తెలుగులో చెప్పేది. అవ్వ 2021లో పోయింది.

జరిగిన తప్పు

పోయిన సంవత్సరం ల్యాప్‌టాప్ ఆన్ కావడానికి ఏడు నిమిషాలు పట్టేది. నేను బటన్ నొక్కి, స్నానం చేసి వచ్చేవాణ్ణి. నాయన దాన్ని టౌన్‌లో ఒక అంగడికి తీసుకుపోయినాడు. "ఫార్మాట్ చేస్తే కొత్తదాని మాదిరి అవుతుంది" అన్నారు. లోపల ఏముందని వాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇంటికి తెచ్చి చూస్తే వేగంగానే ఉంది. అవ్వ రికార్డులు మాత్రం లేవు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. ఇంకా బాధ ఏమిటంటే, రెండు నెలలకు అది మళ్ళీ నిదానమైపోయింది!

నిదానం ఎక్కడ నుంచి వస్తుంది?

మా బడిలో సైన్స్ సారును అడిగినాను. కంప్యూటర్‌కు రెండు రకాల జ్ఞాపకం ఉంటుందని సారు చెప్పినారు. ర్యామ్ అనేది పొయ్యి పక్కనుండే పోపుల డబ్బా. హార్డ్ డిస్క్ అనేది సరుకులు దాచే గిడ్డంగి.

ఈ గిడ్డంగి 1956లో పుట్టింది. ఐబీఎం కంపెనీ 'రామాక్' అనే కంప్యూటర్‌లో మొదటి హార్డ్ డిస్క్ పెట్టింది. అందులో 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్ళేలు తిరిగేవి. దాని బరువు దాదాపు ఒక టన్ను. అంత పెద్దదాంట్లో పట్టింది 50 లక్షల అక్షరాలే. మన కాలపు ర్యామ్ ఆలోచన 1966లో ఐబీఎంలోనే రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుకు వచ్చింది. 1968లో దానికి పేటెంట్ దొరికింది.

పోపుల డబ్బా చిన్నదైతే ఏం చేయాలి? ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో 1962లో 'అట్లాస్' కంప్యూటర్ కట్టినవాళ్ళు దీనికి ఒక ఉపాయం కనిపెట్టినారు. వేగమైన జ్ఞాపకం చాలనప్పుడు, ఇప్పుడు అక్కర లేనిదాన్ని నిదానమైన గిడ్డంగిలో పెట్టి, కావలసినప్పుడు తెచ్చుకోవడం. ఈ ఉపాయం ఈ రోజు మన కంప్యూటర్లన్నిటిలో ఉంది. కానీ దానికి ఒక హద్దు ఉంది. డబ్బా మరీ చిన్నదైతే తీయడం, పెట్టడంతోనే పొద్దు గడిచిపోతుంది, వంట జరగదు. ఈ జబ్బును పీటర్ డెన్నింగ్ అనే శాస్త్రవేత్త 1968లో వివరించినారు. మా ల్యాప్‌టాప్‌కు వచ్చిందీ అదే. దాని ర్యామ్ 2 జీబీ మాత్రమే.

నేను ఒక లెక్క వేసి చూసినాను. మా హార్డ్ డిస్క్ నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. ముల్లు అటూ ఇటూ కదిలే సమయం కూడా కలిపితే ర్యామ్ కంటే దాదాపు లక్ష రెట్లు నిదానం. పోపుల డబ్బాలో ఆవాలు తీయడానికి ఒక సెకను పడితే, గిడ్డంగి నుంచి తేవడానికి లక్ష సెకన్లు. అంటే దాదాపు 28 గంటలు! కోవిల్‌పట్టి నుంచి రైలెక్కి చెన్నైలో ఆవాలు కొని తిరిగి వచ్చినట్టే.

ఫార్మాట్ చేస్తే ఎందుకు కొన్నాళ్ళే వేగంగా ఉందో అప్పుడు అర్థమైంది. ఆన్ కాగానే తామే మొదలయ్యే ప్రోగ్రాములు పోయినాయి, అంతే. అవి ఒక్కొక్కటిగా తిరిగి వచ్చేసరికి డబ్బా మళ్ళీ నిండింది.

మేము చేసినది

సారు మొదట అడిగిన ప్రశ్న "పాత డిస్క్ ఉందా?" అని. ఫార్మాట్ చేసినప్పుడు చాలాసార్లు సరుకు పోదు, ఏది ఎక్కడుందో రాసుకున్న పట్టీ మాత్రమే పోతుందంట. దానిమీద కొత్తవి రాసేకొద్దీ పాతవి నిజంగా చెరిగిపోతాయి. "ఇంక దాన్ని ఆన్ చేయవద్దు" అన్నారు.

అమ్మ అగ్గిపెట్టెల పనిలో దాచిన డబ్బుతో ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో 2 జీబీ ర్యామ్ కొన్నాము. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్ళెం లేదు, కాబట్టి చుట్టు కోసం ఆగే పని లేదు. దానిలో ఉండే ఫ్లాష్ మెమరీని జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసుఓకా 1980 దశకంలో కనిపెట్టినారు. పాత డిస్క్ విప్పి ఇవి పెట్టిన తర్వాత మా ల్యాప్‌టాప్ 40 సెకన్లలో ఆన్ అవుతోంది.

పాత డిస్క్‌ను సారు బడి కంప్యూటర్‌కు తగిలించి 'ఫోటోరెక్' అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వెతికినారు. ఒక పగలంతా పట్టింది. వేల ఫైళ్ళు వచ్చినాయి, ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ నంబర్లే. నేనూ చెల్లీ నాలుగు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటి విన్నాము. మూడో రోజు ఒక నంబరు తెరిస్తే, "ఏమిరా, మొదలు పెట్టేదా?" అని అవ్వ గొంతు వినబడింది. అమ్మ వంటింటి నుంచి పరుగెత్తుకొని వచ్చింది.

పదకొండులో నాలుగే దొరికినాయి. మిగతా ఏడింటి మీద రెండు నెలలు మేమే ఏవేవో రాసేసినాము.

ముగింపు

ఆ నాలుగింటికి నేను తెలుగు అక్షరాల్లోనే పేర్లు పెట్టినాను. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగు చేరింది కాబట్టి ఇది సాధ్యమైంది. ఇప్పుడు అవి ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, చిన్నాయన దగ్గర ఒకటి, మూడు చోట్ల ఉన్నాయి.

మిత్రులారా, మీ ఇంటి కంప్యూటర్ నిదానమైతే ముందు లోపల ఉన్నవి ఇంకోచోట దాచండి. తర్వాత అక్కర లేని ప్రోగ్రాములు ఆపండి. అప్పటికీ చాలకపోతే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ గురించి పెద్దవాళ్ళతో మాట్లాడండి. ఫార్మాట్ ఆఖరున. ఇంకొక మాట. మీ ఇంట్లో అవ్వ, తాత ఉంటే వాళ్ళ మాటలు ఈ వారమే రికార్డు చేయండి. పోయిన ఆ ఏడు కథల్లో రెండు మా అమ్మకు సగం సగం గుర్తున్నాయి. వాటిని ఇప్పుడు ఆమె చెబుతుంటే నేను రాసుకుంటున్నాను.