కల్లు కాని కల్లు

హైదరాబాద్‌లో తిరుమలగిరి పక్కనే బోయిన్‌పల్లి. 2025 సెప్టెంబరులో అక్కడి ఓ ప్రైవేటు స్కూలు భవనం మీద మత్తుమందులను అరికట్టే ఈగల్ విభాగం పోలీసులు దాడి చేశారు. పిల్లలు పాఠాలు చదువుకునే ఆ కప్పు కిందే ఆల్ప్రజోలం తయారవుతోంది. సిద్ధంగా ఉన్న సరుకే మూడున్నర కిలోలు దొరికింది. ఆందోళనకు డాక్టరు రాసే చిన్న బిళ్లలో ఈ మందు పావు మిల్లీగ్రాము ఉంటుంది. ఆ లెక్కన అది కోటీ నలభై లక్షల బిళ్లల పెట్టు. అది పోయేది మందుల షాపులకు కాదు, పాలమూరు వైపు కల్లు డిపోలకు.

కల్లుకు ఈ గతి పడుతుందని ఎవరనుకున్నారు! గౌడన్న మోకు కట్టి, తాడెక్కి, లొట్టి దించితే వాడకట్టంతా చుట్టూ చేరేది. బోనాలకు సాక పోసిందీ దానితోనే. నగరం పెరిగి చెట్లను మింగేసింది. చుట్టుపక్కల చెట్లు లేవని 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూసేశారు. 2014 దసరాకు మళ్లీ తెరిచారు. దుకాణాలైతే వచ్చాయి గానీ చెట్లు రాలేదు. చాలా సీసాల్లో ఆ లోటును నీళ్లు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రజోలం తీర్చాయి. నిజాయితీగా చెట్టెక్కే గీత కార్మికుడికీ దీంతో చెడ్డపేరే మిగిలింది.

పొద్దంతా ఇటుకలు మోసిన మనిషి సాయంత్రం ఓ సీసా తాగేవాడు. ఒళ్లునొప్పులు, అప్పుల దిగులు మరిచి నిద్రపోయేవాడు. మెదడులో అలజడిని అణచే గాబా అనే రసాయనానికి ఆల్ప్రజోలం బలమిస్తుంది. రోజూ ఆ బలం బయటినుంచి అందుతుంటే, తనంతట తాను నెమ్మదించడం మెదడుకు చేతకాకుండా పోతుంది. తాను దేనికి బానిసయ్యాడో ఆ మనిషికి తెలియదు. కల్లుకే అనుకున్నాడు.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ మీద విరుచుకుపడింది. ఒక్కసారిగా మందు ఆగిపోయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులు కిక్కిరిశాయి. చేతులు వణికేవి, నాలుక మడతపడేది, రాత్రంతా కంటిమీద కునుకుండేది కాదు. లేని మనుషులు కనబడేవారు. ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్లున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. మంచాలకు కట్టేసిన వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లను చూసి లోకం "కల్లు దొరక్క పిచ్చి లేసింది" అంది. ఆ మాటలో దయ లేదు, నిజమూ లేదు. మందు కలిపినవాడి పాపాన్ని తాగినవాడి నెత్తిన వేశాం.

పదేళ్లయినా పాఠం నేర్వలేదు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్లు కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో డయాలసిస్ మీద పడ్డారు. పలువురు ఇంటికి తిరిగి రాలేదు.

మీ ఇంట్లోనో బస్తీలోనో రోజూ ఇలాంటి కల్లు తాగేవాళ్లుంటే తిట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. ఈ మందు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి తీసుకెళ్లండి. దారి తోచకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.