వాయిదాల మీద కొన్న మగతనం

మీకు అమెరికా సాహిత్యంతో ఏం పని అని మమ్మల్ని కొందరు అడుగుతుంటారు. మీ బస్తీల గురించి రాసుకోండి, మీ బాధలు మీరు చెప్పుకోండి, అవతలి లోకం మీకెందుకు అన్న ధ్వని అందులో ఉంటుంది. బస్తీని అర్థం చేసుకోవడానికే మేం ఆ పుస్తకాల దగ్గరికి వెళ్లాం. అలెక్స్ హేలీ నవలను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగులోకి తెచ్చినప్పుడు, ఒక మనిషి పేరు లాగేసుకుంటే అతని దగ్గర ఇంకేం మిగులుతుందన్న ప్రశ్న మా ముందుకొచ్చింది. ఆ ప్రశ్న వెంట నడిచాం. నడవగా నడవగా ఇంకో ప్రశ్న ఎదురైంది. మగాడంటే ఎవడు?

20వ శతాబ్దపు అమెరికా దీనికి సూటిగా జవాబు చెప్పింది. కొనగలిగినవాడు.

ఈ జవాబుకు ఒక చరిత్ర ఉంది. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ తన కార్ల ఫ్యాక్టరీలో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాడు. అప్పటికి ఇస్తున్నదానికి అది దాదాపు రెట్టింపు. కానీ ఆ కూలి ఊరికే రాలేదు. కంపెనీ మనుషులు కార్మికుల ఇళ్లకు వచ్చి చూసేవాళ్లు. తాగుతున్నాడా, పొదుపు చేస్తున్నాడా, సంసారం పద్ధతిగా ఉందా? అంటే మంచి మగాడెవడో ఫ్యాక్టరీ తేల్చడం మొదలైంది. 1919లో జనరల్ మోటార్స్ వాయిదాల మీద కార్లు అమ్మడానికి సొంతంగా అప్పుల సంస్థ పెట్టింది. సరుకు తయారుచేసేవాడే సరుకు కొనేవాడు కావాలి. చేతిలో డబ్బు లేకపోతే అప్పు చేసైనా కొనాలి. పాతకాలపు అమెరికా మగాడు అడవి నరికాడని, పొలం దున్నాడని గొప్పలు చెప్పుకునేవాడు. ఆ అడవి, ఆ పొలం ఎవరి దగ్గర లాక్కున్నవో చెప్పేవాడు కాదు. కొత్త మగాడికి పొలం లేదు. కారుంది, టై ఉంది, నెలనెలా కట్టాల్సిన వాయిదా ఉంది.

ఈ కొత్త మగాణ్ని మొదట పట్టుకున్నవాళ్లలో సింక్లెయిర్ లూయిస్ ఒకడు. 1922లో వచ్చిన 'బాబిట్' నవలలో జార్జ్ బాబిట్ ఇళ్ల స్థలాల వ్యాపారి. పొద్దున అతన్ని నిద్ర లేపే గడియారం దగ్గర్నుంచి కోటుకు తగిలించుకున్న క్లబ్బు బిళ్ల దాకా ప్రతి వస్తువూ అతనెవరో చెబుతుంటుంది. అతనికి మాత్రం తానెవరో తెలియదు. ఒకసారి తిరగబడాలని చూస్తాడు. ఊళ్లో పెద్దమనుషులంతా కలిసి వెలివేసినంత పని చేస్తారు. మళ్లీ దారికొస్తాడు. చివర్లో కొడుకుతో, జీవితంలో తనకు నచ్చిన పని ఒక్కటీ చేయలేదని ఒప్పుకుంటాడు. కులం కట్టుబాటంటే ఏమిటో తెలిసిన మనకు ఆ పెద్దమనుషుల సంఘం కొత్తేమీ కాదు.

మగతనం కూడా అంగట్లో సరుకే అనడానికి ఒక సిగరెట్టు కథ చాలు. మార్ల్‌బోరోను 1920లలో ఆడవాళ్ల సిగరెట్టుగా అమ్మారు. 1950ల నడుమ లియో బర్నెట్ ప్రకటనల కంపెనీ దానికి గుర్రం మీది పశువుల కాపరి బొమ్మ తగిలించింది. ఆడవాళ్లదనుకున్నది మగవాళ్లదైపోయింది. దశాబ్దాల పాటు కోట్లాదిమంది ఆ బొమ్మను చూసి మగాళ్లమనుకుని పొగ పీల్చారు. ఆ ప్రకటనల్లో కనిపించిన వేన్ మెక్‌లారెన్ 1992లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు.

మాకు బాగా దగ్గరైన పుస్తకాలు రెండు నాటకాలు. రెండింటి నడుమ ఒక బీమా చెక్కు ఉంటుంది.

మొదటిది ఆర్థర్ మిల్లర్ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్'. 1949 ఫిబ్రవరిలో బ్రాడ్వే మీద ఆడింది. మిల్లర్ యూదు కుటుంబంలో పుట్టినవాడు. తండ్రి కోట్ల వ్యాపారం మహామాంద్యంలో కూలిపోవడం కళ్లారా చూసినవాడు. నాటకంలో విల్లీ లోమన్‌కు 63 ఏళ్లు. ఫ్రిజ్ వాయిదాలు తీరేలోపే ఫ్రిజ్ పాడవుతుంది. కారు అప్పు తీరేలోపే కారు మూలుగుతుంది. ఊరూరా తిరగలేను, ఇక్కడే ఏదైనా పని ఇవ్వమని యజమానిని అడగడానికి వెళ్తే, కొడుకు వయసున్న ఆ యజమాని కొత్తగా కొన్న రికార్డర్‌లో తన పిల్లల గొంతులు వినిపిస్తూ మురిసిపోతుంటాడు. యంత్రంలోని గొంతు వినడానికి తీరిక ఉంది, ఎదురుగా నిలబడ్డ మనిషి గొంతు వినడానికి లేదు. ఉద్యోగం పోతుంది. బతికున్న విల్లీ కంటే చచ్చిన విల్లీకే ఎక్కువ ధర. బీమా 20 వేల డాలర్లు. ఆ డబ్బు కొడుక్కి అందాలని కారుతో వెళ్లి చచ్చిపోతాడు. 25 ఏళ్ల ఇంటి అప్పులో ఆఖరి వాయిదా అతని అంత్యక్రియల రోజున భార్య లిండా కట్టింది. ఇల్లు సొంతమైంది, ఉండాల్సినవాడు లేడు.

రెండోది లొరెయిన్ హాన్స్‌బెర్రీ 'ఎ రైజిన్ ఇన్ ది సన్', 1959. ఒక నల్లజాతి స్త్రీ రాసిన నాటకం బ్రాడ్వే ఎక్కడం అదే మొదటిసారి. ఇక్కడా బీమా డబ్బే. తండ్రి చచ్చాక వచ్చిన 10 వేల డాలర్లు. కొడుకు వాల్టర్ తెల్లవాళ్ల కారు నడిపే డ్రైవరు. మందుల షాపు కాదు, సారా దుకాణం పెడితే తాను మగాణ్నవుతానని నమ్ముతాడు. నమ్మి మోసపోతాడు. డాక్టరు కావాలనుకున్న చెల్లెలి చదువు డబ్బు కూడా అందులోనే కొట్టుకుపోతుంది. మిగిలింది తెల్లవాళ్ల పేటలో తల్లి బయానా ఇచ్చిన ఇల్లు. ఆ పేట నుంచి ఒక పెద్దమనిషి చాలా మర్యాదగా వస్తాడు. మీరు రావద్దు, మీరిచ్చినదానికన్నా ఎక్కువే ఇస్తాం అంటాడు.

ఈ ఘట్టం దగ్గర మాలో చాలామంది పుస్తకం మూసి కాసేపు కూర్చున్నారు. అద్దె ఇంటి కోసం వెళ్లి పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశామండీ" అన్న మాట వినని ముస్లిం కుటుంబాలు నగరాల్లో ఎన్ని ఉంటాయి? ఆ మాటా మర్యాదగానే ఉంటుంది.

ఇది హాన్స్‌బెర్రీ ఊహించి రాసింది కాదు. ఆమె తండ్రి 1937లో షికాగోలో తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొన్నాడు. గుంపులు వచ్చి ఇంటి మీద పడ్డాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1940లో గెలిచారు. యుద్ధం తర్వాత 1947 నుంచి లెవిట్‌టౌన్‌లో వేలకొద్దీ ఒకేరకం ఇళ్లు లేచినప్పుడు కూడా, తెల్లవాళ్లు కానివాళ్లు అక్కడ ఉండకూడదని ఒప్పందాల్లో రాసుకున్నారు. బాబిట్‌కు ఇల్లు ఒక బంధిఖానా. వాల్టర్‌కు అదే ఇల్లు మనిషినని రుజువు చేసుకునే జాగా. ఈ తేడాను మరిచి వినిమయ సంస్కృతి మీద ఉపన్యాసం ఇవ్వడం తేలిక. వస్తువులు వద్దనడానికి ముందు వస్తువులు ఉండాలి కదా? చివరికి వాల్టర్ పదేళ్ల కొడుకు చూస్తుండగా ఆ డబ్బు మాకొద్దంటాడు. దుకాణం పెట్టి మగాణ్నవుదామనుకున్నవాడు, అమ్ముడుపోననడం ద్వారా మనిషయ్యాడు.

రాల్ఫ్ ఎలిసన్ 1952లో రాసిన 'ఇన్విజిబుల్ మ్యాన్' ఇంకా లోతుకు వెళ్తుంది. చదువుకున్న నల్ల కుర్రాణ్ని ఉపన్యాసం ఇవ్వమని ఊరి తెల్ల పెద్దలు పిలుస్తారు. ముందు మరికొందరు నల్ల కుర్రాళ్లతో కలిపి కళ్లకు గంతలు కట్టి కొట్టుకోమంటారు. ఒక తెల్ల స్త్రీని నగ్నంగా నిలబెడతారు. ఆమె పొట్ట మీద అమెరికా జెండా పచ్చబొట్టు. చూస్తే తప్పు, చూడకపోతే తప్పు. తర్వాత కరెంటు పెట్టిన తివాచీ మీద నాణేలు చల్లి ఏరుకోమంటారు. షాకు కొడుతుంటే ఏరుకుంటారు. తీరా చూస్తే అవి బంగారు నాణేలు కావు, ఏదో కారు కంపెనీ ప్రకటన కోసం వేయించిన ఇత్తడి బిళ్లలు. ఇంతకంటే ఏం చెప్పాలి? నల్లవాడి మగతనం వాళ్లకు వినోదం, దాని కూలి ఒక ప్రకటన బిళ్ల. ఆ నవలలో కథ చెప్పేవాడికి పేరు లేదు.

వస్తువే తిరుగుబాటైన సందర్భాలూ ఉన్నాయి. 1942లో యుద్ధం కోసం బట్ట మీద ఆంక్షలు పెట్టారు. నల్లవాళ్లు, మెక్సికన్ కుర్రాళ్లు మాత్రం పొడుగు కోటు, వదులు ప్యాంటుతో జూట్ సూట్ వేసుకున్నారు. 1943 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో నావికులు గుంపులుగా వచ్చి మెక్సికన్ కుర్రాళ్లను పట్టుకుని కొట్టి, నడివీధిలో ఆ బట్టలు విప్పించారు. ఒంటి మీది గుడ్డ దేశద్రోహమైపోయింది. టోపీని, గడ్డాన్ని, బురఖాను చూసి దేశభక్తి కొలిచే చూపులు మాకు తెలుసు. ఆ వీధి మాకు దూరం కాదు.

ఆ జూట్ సూట్ అప్పు మీద కొన్న ఒక కుర్రాడు బోస్టన్‌లో ఉండేవాడు. జుట్టు తెల్లవాళ్లలా సాఫీగా కనబడాలని నెత్తికి మంటపుట్టే మందు పూసుకునేవాడు. అతనే మాల్కం ఎక్స్. తన కథను అలెక్స్ హేలీకే చెప్పాడు. 1965 ఫిబ్రవరి 21న అతన్ని చంపేశాక, ఆ ఏడాదే ఆత్మకథ వచ్చింది. జుట్టు కాల్చుకున్న ఆ రోజును, తనను తాను కించపరచుకోవడంలో మొదటి పెద్ద అడుగుగా అతను చెప్పుకున్నాడు. 1946 నుంచి 1952 దాకా జైల్లో చదువుకుని, బానిస యజమాని ఇచ్చిన ఇంటిపేరు తీసి ఎక్స్ పెట్టుకున్నాడు. 1964లో హజ్‌కు వెళ్లి, రంగు అడ్డురాని పంక్తిలో కూర్చుని, తెల్లవాళ్లంతా పుట్టుకతోనే సైతానులన్న తన పాత నమ్మకాన్ని తానే వదులుకున్నాడు. కొన్న సూటు నుంచి కుట్టులేని ఇహ్రాం దాకా సాగిన ఆ ప్రయాణం మమ్మల్ని కదిలించింది. అయినా స్త్రీల గురించి ఆ పుస్తకంలో అతను మాట్లాడిన తీరు మాకు మింగుడుపడదు.

1968లో మెంఫిస్ పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. సుమారు 1300 మంది. చెత్తబండి యంత్రంలో పడి ఇద్దరు నలిగిపోయాక మొదలైన సమ్మె అది. వాళ్లు పట్టుకున్న అట్టల మీద రాసింది ఒక్కటే మాట, నేను మనిషిని అని. ఇంగ్లీషులో ఆ మాటకు మగాణ్ని అని కూడా అర్థం. ముసలివాణ్ని కూడా "ఒరే అబ్బీ" అని పిలిచే సమాజానికి వాళ్లిచ్చిన జవాబు అది. ఆ మాటలో వాళ్ల భార్యలకు, కూతుళ్లకు చోటెంత?

ఆ లెక్క టోనీ మోరిసన్ తేల్చింది. 1970లో ఆమె రాసిన 'ది బ్లూయెస్ట్ ఐ'లో చిన్నపిల్ల పెకోలా, తెల్ల బాలతార షిర్లీ టెంపుల్ బొమ్మ ఉన్న కప్పులో పాలు తాగితాగి, నీలికళ్లు కావాలని కలలు కంటుంది. ఆమె తండ్రి చోలీని కుర్రతనంలో తెల్లవాళ్లు తుపాకీ చూపించి, ఒక అమ్మాయి ముందు ఘోరంగా అవమానించారు. అతను తుపాకీవాళ్లను ద్వేషించలేకపోయాడు. ఆ అమ్మాయిని ద్వేషించాడు. చివరికి తన కూతుర్నే చెరిచాడు. అవమానపడ్డ మగతనం పైకి పోలేక కిందికే జారుతుంది. కింద ఉండేది ఆడదే.

1996లో చక్ పాలనిక్ 'ఫైట్ క్లబ్' రాశాడు. కేటలాగు చూసి ఇల్లంతా సామాను నింపుకున్న తెల్ల ఉద్యోగి, తాను మగాణ్నేనా అనిపించి నేలమాళిగల్లో తోటి మగాళ్లతో కొట్టుకుంటాడు. నవలలో అతనికీ పేరు లేదు. ఎలిసన్ నాయకుణ్ని సమాజం చూడలేదు కాబట్టి పేరు లేదు. ఇతను సామాను వెనక కనపడకుండా పోయాడు కాబట్టి లేదు. ఒకడిని బలవంతంగా గోదాలోకి నెట్టారు, ఇంకొకడు తానే కోరి దిగాడు. తక్కెడ మాత్రం ఒక్కటే. దాన్ని విసిరేయకుండా ఎవరి బరువు ఎంతని కొట్లాడుకుంటే లాభం లేదు.

ఇదంతా చదివి అమెరికాను తిట్టుకుని పడుకుంటే మా చదువు వృథా. 1991 తర్వాత ఆ అంగడి మన గుమ్మంలోకి వచ్చింది. అంతకుముందే గల్ఫ్ పెట్టెలో టేప్ రికార్డర్ లేకపోతే కొడుకు ప్రయోజకుడు కాలేదని లెక్కగట్టిన ఇళ్లు మావి. నికాలో మహర్ ఇవ్వాల్సింది మగాడు. మేం దాన్ని బాకీ పెట్టి, జోడే కీ రకమ్ పేరుతో పెళ్లికొడుకు బట్టలకని పిల్ల తండ్రి దగ్గర డబ్బు గుంజుతున్నాం. విల్లీ తన మగతనాన్ని తన ప్రాణంతో కొన్నాడు. మేం మా చెల్లెళ్ల కన్నీళ్లతో కొంటున్నాం. మాకు ఇల్లివ్వని వాణ్ని నిలదీయడానికి మాకు హక్కుంది. అదే నోటితో జోడే కీ రకమ్ అడిగితే ఆ హక్కును మేమే అమ్ముకున్నట్టు. వాల్టర్ కొడుకు చూస్తుండగా వద్దన్నాడు. మా పిల్లలూ మమ్మల్ని చూస్తూనే ఉన్నారు.