కేంద్రకంలో కణాల జతలపై ఉష్ణోగ్రత ప్రభావం

పరమాణు కేంద్రకంలో ప్రోటానులు ప్రోటానులతోను, న్యూట్రానులు న్యూట్రానులతోను రెండేసి చొప్పున జతకట్టి ఉంటాయి. కేంద్రకం ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఈ జతలు విడిపోతాయి. లోహాలను వేడిచేసినపుడు వాటి అతివాహకత్వం నశించడానికీ, ఈ మార్పుకూ దగ్గరి పోలిక ఉంది. అయితే కేంద్రకంలో కణాల సంఖ్య చాలా తక్కువ కావడం వలన ఈ మార్పు ఒక్కసారిగా కాక క్రమక్రమంగా జరుగుతుంది.

జతల స్వభావం

ఒకే శక్తిస్థాయిలో ఉన్న రెండు న్యూట్రానులు (లేదా రెండు ప్రోటానులు) పరస్పరం వ్యతిరేక దిశలలో చలిస్తూ జతగా ఏర్పడతాయి. జత యొక్క మొత్తం కోణీయ ద్రవ్యవేగం సున్నా అవుతుంది. ప్రోటానుల సంఖ్య, న్యూట్రానుల సంఖ్య రెండూ సరిసంఖ్యలైన కేంద్రకాలు ఎక్కువ స్థిరంగా ఉండడానికి ఇదే కారణం. రెండూ బేసిసంఖ్యలై, భూస్థితిలో స్థిరంగా ఉండే కేంద్రకాలు నాలుగే: హైడ్రోజన్-2, లిథియం-6, బోరాన్-10, నైట్రోజన్-14.

యురేనియం-235 ఒక న్యూట్రానును గ్రహించినపుడు కొత్త జత ఏర్పడి సుమారు 6.5 మిలియను ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి లభిస్తుంది. యురేనియం-238 విషయంలో లభించేది సుమారు 4.8 మాత్రమే. అందువలననే మొదటిది నెమ్మదిగా కదిలే న్యూట్రానుతో సైతం విచ్ఛిత్తి చెందుతుంది, రెండవది చెందదు.

సిద్ధాంతం

1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అతివాహకత్వాన్ని ఎలక్ట్రానుల జతల ద్వారా వివరించారు. 1958లో ఆగే బోర్, బెన్ మోటెల్సన్, డేవిడ్ పైన్స్ ఈ భావనను కేంద్రకాలకు అన్వయించారు.

కేంద్రకం ఉష్ణోగ్రత అంటే ఉత్తేజిత స్థితిలో దాని కణాల మధ్య పంచబడిన శక్తికి కొలమానం. జతలోని ఒక్కొక్క కణానికి చెందే శక్తి అంతరం సుమారుగా 12ను ద్రవ్యరాశి సంఖ్య వర్గమూలంతో భాగించగా వచ్చినన్ని మిలియను ఎలక్ట్రాన్ వోల్టులు. డిస్ప్రోసియం-162కు ఇది 0.94 కాగా, జతను విడదీయడానికి దీనికి రెట్టింపు శక్తి కావాలి. విడిపోయిన కణాలు తాము ఆక్రమించిన శక్తిస్థాయిలను పౌలీ వర్జన నియమం ప్రకారం ఇతర జతలకు అందకుండా చేస్తాయి. కనుక ఒక జత విడిపోతే మిగిలిన జతలు కూడా బలహీనపడతాయి.

సిద్ధాంతం ప్రకారం సందిగ్ధ ఉష్ణోగ్రత ఈ శక్తి అంతరంలో 0.57 వంతు, అనగా డిస్ప్రోసియం-162కు సుమారు 0.53 మిలియను ఎలక్ట్రాన్ వోల్టులు. ఇది 600 కోట్ల కెల్విన్‌లకు పైమాటే. సూర్యుని కేంద్రభాగంలో ఉష్ణోగ్రత సుమారు 1.5 కోట్ల కెల్విన్‌లు మాత్రమే కనుక, అక్కడ సైతం కేంద్రకాలలోని జతలు చెదరవు.

ప్రయోగ నిదర్శనం

పెద్ద లోహపు ముక్కలో అసంఖ్యాకమైన ఎలక్ట్రానులు ఉండడం వలన అతివాహకత్వం నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద అంతమవుతుంది. కేంద్రకంలో కణాలు వందల సంఖ్యను దాటి పోవు కనుక, జతల బలంలో ఒడుదొడుకులు ఎక్కువగా ఉండి ఆ హద్దు చెరిగిపోతుంది. సందిగ్ధ ఉష్ణోగ్రతకు పైన కూడా జతల ప్రభావం కొంత మిగిలే ఉంటుంది.

నార్వేలోని ఓస్లో సైక్లోట్రాన్ ప్రయోగశాలలో హీలియం-3 అయానులతో కేంద్రకాలను ఉత్తేజపరచి, వెలువడిన గామా కిరణాల నుండి శక్తిస్థాయిల సాంద్రతను రాబట్టారు. 2001లో ప్రచురితమైన ఫలితాలలో డిస్ప్రోసియం, యిటెర్బియం కేంద్రకాల ఉష్ణధారణ సామర్థ్యాన్ని సూచించే వక్రరేఖ సుమారు 0.5 మిలియను ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఆంగ్ల అక్షరం 'ఎస్' ఆకారంలో వంగింది. జతలు క్రమంగా విడిపోతున్నాయనడానికి దీనిని నిదర్శనంగా పరిగణిస్తారు.

ప్రాముఖ్యత

జతలు విడిపోయే కొద్దీ కేంద్రకానికి అందుబాటులో ఉండే శక్తిస్థాయిల సంఖ్య వేగంగా పెరుగుతుంది. కేంద్రకం న్యూట్రానును గ్రహించే వేగం ఈ సంఖ్యపై ఆధారపడుతుంది. ఇనుము కంటే భారమైన మూలకాలలో అధికభాగం నక్షత్రాలలో న్యూట్రానులను గ్రహించడం ద్వారానే ఏర్పడ్డాయి కనుక, వాటి పుట్టుకను లెక్కించడానికి ఈ పరిజ్ఞానం అవసరం. కూలిపోతున్న భారీ నక్షత్రాల గర్భంలో ఉష్ణోగ్రత 1000 కోట్ల కెల్విన్‌ల స్థాయికి చేరినపుడు కేంద్రకాలలోని జతలు చాలావరకు చెదిరిపోతాయి. ఇందుకు భిన్నంగా, అత్యంత వేడిగా పుట్టిన న్యూట్రాను నక్షత్రం చల్లబడే కొద్దీ అందులోని న్యూట్రానులు మరల జతకడతాయి.