ఫార్దింగుపై మూడు అక్షరాలు: 17వ శతాబ్దపు ఆంగ్ల వర్తకుల టోకెన్లు

1. ఉపోద్ఘాతం

నాణెం ముద్రించడం రాజ్యాధికారానికి చిహ్నంగా పరిగణింపబడుతుంది. అయితే 1649 ప్రాంతం నుండి 1672 వరకు ఇంగ్లండులో చిల్లర నాణేల విషయంలో ఆ పని ఆచరణలో అంగళ్ల యజమానుల చేతికి వచ్చింది. కిరాణా వర్తకులు, రొట్టెలు కాల్చేవారు, కొవ్వొత్తుల వ్యాపారులు, పానశాలలు నడిపేవారు రాగి, ఇత్తడి బిళ్లలపై తమ పేర్లు ముద్రింపజేసి చలామణీలో పెట్టారు. ఇటువంటి టోకెన్లు పదివేలకు పైగా రకాలు నేటికి నమోదై ఉన్నాయి. వీటిపై కనిపించే కుటుంబ చిత్రాన్ని, అవి కనుమరుగైన క్రమాన్ని నార్విచ్ నగరం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. చిల్లర కొరత

ఆనాడు పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, పెన్నీకి 4 ఫార్దింగులు. ఫార్దింగు విలువకు సరిపడే వెండి బిళ్ల వాడుకకు వీలులేనంత చిన్నది కావడంతో 16వ శతాబ్ది మధ్యనాటికే దాని ముద్రణ ఆగిపోయింది. 1613లో మొదటి జేమ్స్ రాగి ఫార్దింగులు తయారుచేసే హక్కును లార్డ్ హారింగ్టన్‌కు ఇచ్చాడు. అవి పలుచనివి కావడం, దొంగ బిళ్లలు విస్తరించడం వల్ల ప్రజల విశ్వాసం పొందలేదు. అంతర్యుద్ధ కాలంలో పార్లమెంటు ఆ ఏర్పాటుకు స్వస్తి పలికింది. 1649లో మొదటి చార్లెస్‌కు మరణదండన అమలైంది. ఆ తరువాత కూడా రాగి చిల్లర రాలేదు. దీనివల్ల ఎక్కువగా నష్టపోయింది ఉప్పు, కొవ్వొత్తి, రొట్టె ఏ పూటకు ఆ పూట కొనుక్కునే పేదవారే.

3. బిళ్లపై ముద్రలు

టోకెన్‌పై సాధారణంగా వర్తకుని పేరు, ఊరి పేరు, వృత్తి చిహ్నం ఉంటాయి. చక్కెర దిమ్మ కిరాణా అంగడిని, కొవ్వొత్తులు వాటిని అమ్మే అంగడిని సూచిస్తాయి. ఇళ్లకు సంఖ్యలు లేని ఆ కాలంలో చదువురానివారికి ఈ బొమ్మలే ఆనవాళ్లు.

టోకెన్ నిజానికి ఒక అప్పుపత్రం వంటిది. అడిగినప్పుడు వెండి నాణెం ఇస్తాననే హామీ అందులో ఉంది. వర్తకుడు మరణించినా, అంగడి మూసినా ఆ బిళ్ల చేతిలో మిగిలినవారికి నష్టమే. అందువల్ల ఆ పేరు తెలిసిన వీధుల్లోనే దానికి విలువ.

అనేక టోకెన్లపై మూడు అక్షరాలు ఉండడం విశేషం. ఇంటిపేరు ‘బి’తో, భర్త పేరు ‘జె’తో, భార్య పేరు ‘ఎమ్’తో మొదలైతే, పైన ‘బి’, కింద ‘జె’, ‘ఎమ్’ కనిపిస్తాయి. నాటి ఆంగ్ల సామాన్య న్యాయం ప్రకారం వివాహిత తన పేర ఒప్పందం చేసుకోలేదు. ఆమె చరాస్తి భర్తదే. అర్ధపెన్నీలపై ‘అతని అర్ధపెన్నీ’ అనే అర్థంలో రాత కూడా ఉంటుంది. రాత అతనిదంటుంది, అక్షరాలు ఇద్దరివంటాయి. అంగడిలో కూర్చుని బేరం చేసే స్త్రీని కొనుగోలుదారులు ఎరుగుదురు. చట్టం గుర్తించని భాగస్వామ్యాన్ని బిళ్ల గుర్తించింది. కొన్ని టోకెన్లపై ‘ఆమె అర్ధపెన్నీ’ అనే రాత ఉంది. స్వయంగా టోకెన్లు వేయించిన స్త్రీలలో వితంతువులు ఎక్కువ.

4. నార్విచ్ అనుభవం

ఉన్ని నేతకు పేరుగాంచిన నార్విచ్ ఆనాటి ఇంగ్లండులోని పెద్ద నగరాలలో ఒకటి. అక్కడి వర్తకులూ టోకెన్లు వేయించారు. 1667, 1668, 1670 సంవత్సరాలతో నగరపాలక వ్యవస్థ తన సొంత ఫార్దింగులను విడుదల చేసింది. వాటిపై ఉన్నది వ్యక్తుల పేర్లు కాదు, కోట, సింహం ఉన్న నగర చిహ్నం. 1652లోనే బ్రిస్టల్, ఆక్స్‌ఫర్డ్ నగరాలు ఇదే మార్గం తొక్కాయి. ఒక వర్తకుని మరణంతో విలువ కోల్పోయే బిళ్ల కంటే నగరం పూచీ పడిన బిళ్ల పేదవారికి సురక్షితమైనది.

1672లో రెండవ చార్లెస్ రాగి అర్ధపెన్నీలను, ఫార్దింగులను విడుదల చేసి ప్రైవేటు టోకెన్లను నిషేధించాడు.

5. ముగింపు

కుటుంబం, నగరం, రాజ్యం అనే క్రమంలో చిల్లర నాణేనికి పూచీ విస్తరించింది. భద్రత పెరిగింది, చలామణీ పరిధి పెరిగింది. అయితే ప్రతి దశలోనూ బిళ్లపై నుండి మనుషుల పేర్లు తొలగిపోయాయి. 1672 నాటి రాగి నాణేలపై కూడా ఒక స్త్రీమూర్తి ఉంది. ఆమె దేశానికి ప్రతీక అయిన బ్రిటానియా. అంగడి నడిపిన భార్య పేరులోని మొదటి అక్షరానికి ఆ నాణెంపై చోటు లేదు. ఆర్థిక చరిత్రలో ప్రగతిగా నమోదైన ఈ మార్పు స్త్రీల శ్రమ చరిత్రకు ఒక ఆధారాన్ని దూరం చేసింది. ఆ కారణంగానే అరిగిపోయిన ఆ మూడు అక్షరాలు చరిత్ర రచనకు విలువైన సాక్ష్యాలుగా నిలుస్తున్నాయి.