కోకో చెట్టుది ఏ గోత్రం?

మురమళ్ళలో వీరేశ్వరస్వామికి, భద్రకాళి అమ్మవారికి నిత్యకళ్యాణం. చేయించే దంపతుల గోత్రనామాలు చెప్పందే సంకల్పం సాగదు. అదే కోనసీమలో కొబ్బరి నీడన కాస్తున్న కోకో చెట్టు గోత్రం అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు దొరకడం కష్టం. నర్సరీ నుంచి తెచ్చాం, నాటాం, కాస్తోంది, అంతవరకే. ఆ మొక్క పూర్వీకులు బయల్దేరింది అమెజాన్ అడవి నుంచి.

మన దేశానికి కోకో మొదట వచ్చింది 1798లో. ఈస్టిండియా కంపెనీ అంబోయినా దీవి నుంచి తెప్పించిన ఎనిమిది మొక్కలను కుర్తాళంలో నాటారు. అవి క్రియోలో రకం. రుచికి పేరున్నదే గానీ, పెద్ద పంటగా నిలదొక్కుకోలేదు. వాణిజ్య సాగు కోసం 1960ల దాకా ఆగాల్సి వచ్చింది. 1965లో క్యాడ్‌బరీ సంస్థ వయనాడ్‌లోని చుండేల్‌లో ప్రదర్శన తోట వేసింది. తర్వాత కర్ణాటకలోని విట్టల్‌లో కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ (సీపీసీఆర్ఐ) పరిశోధన మొదలుపెట్టి మలేషియా, నైజీరియా వంటి దేశాల రకాలను సేకరించింది. గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లోకి అంతరపంటగా కోకో దిగింది ఆ తర్వాతే. అయినా ఇవాళ ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే.

ఆ రకాల్లో చాలావాటి మూలం మాత్రం ఎక్కడిది? 1928లో ట్రినిడాడ్ తోటలకు విచెస్ బ్రూమ్ తెగులు సోకింది. దాన్ని తట్టుకునే చెట్ల కోసం ఎఫ్.జె. పౌండ్ అనే శాస్త్రవేత్త 1930ల చివర్లో ఎగువ అమెజాన్ నదుల వెంట గాలించి కాయలు తెచ్చాడు. వాటి సంతతి ట్రినిడాడ్ నుంచి 1944లో ఘనాకు, అక్కడి నుంచి మిగతా దేశాలకు పాకింది. వేల మైళ్ళ అడవిలోంచి కొన్ని చెట్ల గింజలే ఇంత దూరం వచ్చాయి. ఆసియా, ఆఫ్రికా కోకోకు జన్యు పునాది ఇరుకని శాస్త్రవేత్తలు దిగులుపడేది అందుకే.

పైగా కోకో గింజను వడ్లలా ఎండబెట్టి దాచలేం. కాయ పగలగొడితే తెల్లటి తీపి గుజ్జులో ముప్పై, నలభై గింజలుంటాయి. అవి ఎండితే చచ్చినట్టే. కాబట్టి రకాన్ని కాపాడాలంటే చెట్టునే కాపాడాలి. కాండం మీద పూసే చిన్న పువ్వులకు నుసుము లాంటి పురుగులు పుప్పొడి చేరవేస్తాయి. చాలా చెట్లు తమ పుప్పొడిని తామే ఒప్పుకోవు, పక్క చెట్టుది కావాల్సిందే. ఇక ఒక చెట్టు గింజలు పాతితే అన్నీ దానిలా ఎందుకు వస్తాయి?

సేకరణ తోటల్లోనూ పేర్లు తారుమారయ్యాయి. అంటు కట్టేటప్పుడు చీటీ మారితే ఆ తప్పు దశాబ్దాలు నడుస్తుంది. దాన్ని బయటపెట్టింది డీఎన్‌ఏ మార్కర్లే. లేత ఆకు నూరి, అందులోని జిగురునూ కషాయ పదార్థాలనూ వదిలించుకుని (కోకో ఆకుతో కష్టమంతా ఇక్కడే) డీఎన్‌ఏ తీస్తారు. అందులో రెండు మూడు అక్షరాలు పదేపదే తిరగరాసినట్టుండే చోట్లుంటాయి. ఆ వరస ఒక చెట్టులో పొడవు, మరో చెట్టులో పొట్టి. ఆ చోట్లే మార్కర్లు. అలాంటి 15 చోట్లను 2004లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రతిపాదించారు. 2008లో మోటమయోర్ అనే శాస్త్రవేత్త బృందం 106 మార్కర్లతో 1,241 చెట్లను పరీక్షించి, కోకోను పది జన్యు వర్గాలుగా విడదీసింది. క్రియోలో, ఫోరాస్టెరో, ట్రినిటారియో అనే పాత మూడు పేర్లు ఇక చాలవని తేలింది.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట కాదు. దూరపు వర్గాల చెట్లను కలిపితే మెరుగైన సంకరాలు రావచ్చు. వానాకాలంలో కాయను నల్లబరిచే ఫైటోఫ్తోరా కుళ్ళును తట్టుకునే తల్లిచెట్టును వెతకాలన్నా చుట్టరికం తెలియాలి. చెట్లకు మరో ముప్పు తుపాను. 1996 నవంబరు 6 తుపానుకు మురమళ్ళ ఉన్న ఐ.పోలవరం మండలం కకావికలమైంది, కోనసీమ కొబ్బరి తోటలు కూలిపోయాయి. ఎండబెట్టి దాచలేని పంట ఒక్క తోటలోనే ఉంటే ఏమవుతుందో ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు.

2024లో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను 10 వేల డాలర్లు దాటింది. మరుసటి ఏడు ధర పడిపోయి గోదావరి జిల్లాల రైతులు రోడ్డెక్కారు. ధర ఎటు పోయినా చెట్టు మీద చూపు తప్పకూడదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కోనసీమ తోటల్లో ఏటా బాగా కాసే పాత చెట్ల ఆకులు సేకరించి, ఆ 15 మార్కర్లతో పోల్చి చూడాలి. మేలైనవాటి అంట్లను రెండు వేర్వేరు చోట్ల పెంచాలి. రైతులు కూడా ముసలి చెట్టును కొట్టేసే ముందు, అది బాగా కాసిందైతే, ఒక్క కబురు ఆ స్థానానికి పంపాలి.