ఏడు హాలీలకు ఆరు కల్దార్లు

మా తాత నోట్లో ఒక లెక్క ఎప్పుడూ ఆడుతుండేది: ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. మా ఎల్లారెడ్డిపేట చుట్టుపక్కల ఊళ్ల నేతగాళ్లు బతుకుదెరువుకు షోలాపూర్, భివండి పోయిన కాలమది. అక్కడ కూలి ఇంగ్లిషు సర్కారు రూపాయల్లో వచ్చేది. దాన్నే మనవాళ్లు కల్దారు అన్నరు. ఇంటికొస్తే శిస్తు కట్టాలన్నా, కిరాణం తేవాలన్నా నిజాం హాలీ సిక్కా కావాలి. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. కాగితం మీద చూస్తే చిక్కుముడిలా ఉంటుంది గానీ తాతకు అది చిటికెల పని. "ఆరో వంతు కలుపు బిడ్డా" అనేవాడు. నలభై ఐదు కల్దార్లు తెస్తే అందులో ఆరో వంతు ఏడున్నర. కలిపితే యాభై రెండు రూపాయల ఎనిమిది అణాలు. మారకం చేసే షావుకారు యాభై ఒకటి చేతిలో పెడితే, మిగతాది అడగడానికి ఆ ఆరో వంతు తెలిసి ఉండాలి. తాత చదువు వీధిబడిలో మూడేండ్లే. ఆ మూడేండ్లలో ఆయనకు చెప్పిన గణితం లక్ష్యం ఒక్కటే: లెక్కలో మోసపోవద్దు.

నేను ముప్పై రెండేళ్లు ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పి విరమణ పొందిన. ఇప్పుడు ఆ పాత చదువు గురించి ఆలోచిస్తుంటే దాని అమరిక నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

వీధిబడిలో ఎక్కాలు ఇరవై దాకా పోయి ఆగేవి కావు. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు, ఒంటిన్నర, రెండున్నర కూడా వల్లె వేయించేవారు. ఉర్దూ బడిలో చదివినోళ్లు ఇలాంటి ఎక్కాలనే పౌనా, సవాయా, డేఢా, ఢాయీ అని పాడేవారు. ఎందుకంటే ఊళ్లో కొలతలన్నీ సగాలు, పావులే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పేర్లు, పరిమాణాలు ఊరూరికీ కొంత మారేవి గానీ తీరు ఇదే. పుట్టికి 5,120 గిద్దెలు అని ఎవరూ గుణించి చెప్పేవారు కాదు, చేతికి తెలిసిపోయేది. భిన్నాల పేర్లూ అట్లాగే నాలుగో వంతు చొప్పున మెట్లు దిగుతాయి: పావు, వీసం, కాని. పదహారో వంతు వీసం, అరవై నాలుగో వంతు కాని. వీటిని రాయడానికి తెలుగులో వేరే గుర్తులే ఉండేవి. వాటిని 2008లో యూనికోడ్‌లోకి చేర్చారు. మా బడిలో మాత్రం ఆ గుర్తులు ఎరిగిన పిల్లవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

ఈ లెక్కల వంశం చాలా పాతది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. రెండు శతాబ్దాల తర్వాత పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యులు ఏలింది మన వేములవాడ నుంచే. మా ఊరి నుంచి సిరిసిల్ల మీదుగా పోతే ఎంతో దూరం లేదు. నా విద్యార్థుల్లో చాలామంది అక్కడి రాజన్న గుడికి ఎన్నోసార్లు పోయొచ్చారు. ఆ చరిత్రలో గణితం కూడా ఉందని వాళ్లకు చెప్పాల్సింది నేనే. ఆలస్యంగా చెప్పిన.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గుంట. భూమి కొలిచే గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసును పదహారు అణాలుగా విభజించారు, రూపాయిని విభజించినట్టే. గొలుసుకు గొలుసు చదరం కొలిస్తే ఒక గుంట, అంటే 1,089 చదరపు అడుగులు, 121 చదరపు గజాలు. నలభై గుంటలు ఒక ఎకరం. డబ్బు తెలిసినవాడికి భూమి కొలత సగం తెలిసినట్టే. పట్వారీ దగ్గర నిలబడి గొలుసు పట్టిన సుంకరి పిల్లలకు కూడా ఈ లెక్క వచ్చేది. వాళ్లను బడి మెట్టు ఎక్కనియ్యని కాలంలో పొలం గట్టు మీద నేర్చుకున్నది అది. వీధిబడిని మెచ్చుకుంటున్నప్పుడు నేను ఇది మరువకూడదు. ఆ బడి అందరిదీ కాదు, ఆడపిల్లలదీ కాదు. లెక్క రాని ఇండ్లలోనే నాగు అనే వడ్ల అప్పు పెరిగింది. పుట్టి వడ్లు తెచ్చుకుంటే వచ్చే పంటకు పుట్టిన్నర కొలవాలి. కొలవకపోతే ఆ పుట్టిన్నర మీద మళ్లీ సగం. నాలుగు పంటలు గడిచేసరికి బాకీ అయిదు పుట్ల ఒక తూము ఒక కుంచం. చక్రవడ్డీ పాఠం చెప్పేటప్పుడు నేను ఈ వడ్ల లెక్కే వేయించేవాణ్ణి. చివర్న ఆ కుంచం కూడా తప్పకుండా తేలినప్పుడు తరగతి కాసేపు ఊపిరి బిగబట్టేది.

నిజాం కాలంలో పెద్ద బడికి పోతే చదువు ఉర్దూలో. హనుమాజీపేటలో పుట్టిన కవి సి. నారాయణరెడ్డి కూడా ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. కూడిక జమా, తీసివేత తఫ్రీక్, గుణకారం జర్బ్, భాగహారం తఖ్సీమ్. ఇంట్లో తెలుగులో లెక్కించి, బడిలో ఉర్దూలో రాసి, షోలాపూర్‌లో మరాఠీలో బేరమాడిన మనుషులను నేను చూసిన. పోలీసు చర్య తర్వాత కొన్నేళ్లు హాలీ, కల్దారు రెండు నాణేలూ నడిచాయి. 1957లో నయాపైసలు, ఆ వెనుకే కిలోలు, మీటర్లు వచ్చాయి. పది పెట్టి గుణిస్తే చాలు కనుక లెక్క తేలికైంది. పావు ఎక్కాలు మూలకు పడ్డాయి.

నేతలో మాత్రం పాత కొలత కదల్లేదు. నూలు కౌంటు అంటే పౌనుకు ఎన్ని చిలపలని, చిలపకు 840 గజాలు. నలభై నంబరు నూలు పౌనుకు 33,600 గజాలు. మా నాయిన పడుగు వేసే ముందు గోడ మీద బొగ్గుతో రాసేవాడు: వెడల్పు 45 ఇంచులు, ఇంచుకు 64 పోగులు, మొత్తం 2,880. పడుగు 20 గజాలైతే 57,600 గజాల నూలు. చిలపకు 840 చొప్పున అరవై ఎనిమిదిన్నర పైచిలుకు చిలపలు. బరువులో ఒకటి ముప్పావు పౌను కన్నా కొంచెం తక్కువ. దానిమీద తెగిపోయే నూలుకు కొంత కలిపేవాడు. గోడకు సున్నం వేసిన ప్రతిసారీ ఆ లెక్కలు పోయేవి, మళ్లీ వచ్చేవి. నిష్పత్తి అంటే ఏమిటో నేను మొదట చదివింది ఆ గోడ మీదనే.

సాంచాలు, అంటే మరమగ్గాలు, వచ్చాక పాలిస్టరు వచ్చింది. కౌంటు పోయి డెనియర్ వచ్చింది, అంటే 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్య. కౌంటు పెరిగితే పోగు సన్నబడుతుంది, డెనియర్ పెరిగితే లావెక్కుతుంది. విలోమానుపాతం, అనులోమానుపాతం రెండూ సిరిసిల్ల సందుల్లో పక్కపక్కనే ఉన్నాయి.

2014లో మా పదో తరగతికి కొత్త పుస్తకం వచ్చింది. అందులో విద్యా ప్రమాణాలు అయిదు: సమస్యా సాధన, కారణాలు చెప్పి నిరూపించడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం. వీటిని నేను గౌరవిస్తాను. నిరూపణ వీధిబడిలో లేదు. "ఎందుకు?" అని అడిగితే బెత్తమే జవాబు. కానీ పరీక్షల ఒత్తిడిలో అనుసంధానమే అన్నిటికన్నా ముందు పోయింది. త్రికోణమితి అనువర్తనాల్లో గుట్ట మీది గుడి గోపురం ఎత్తు కనుక్కున్న పిల్లలు, వాళ్ల నాన్న కూలిచీటీని కూడి చూడలేదు.

అందుకే ఒక ఏడు తొమ్మిదో తరగతిలో నేనొక లెక్క ఇచ్చిన. ఇంచుకు 50 పిక్కులు (అడ్డపోగులు), సాంచ నిమిషానికి 140 పిక్కులు కొడుతుంది. మీటరు గుడ్డకు ఎంత సేపు? మీటరుకు 39.37 ఇంచులు, అంటే 1,969 పిక్కులు, దాదాపు 14 నిమిషాలు. పన్నెండు గంటల షిఫ్టులో 51 మీటర్లు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "సార్, మా నాన్నకు ఒక్కో సాంచ మీద నలభై దాటదు. మిగతా పదకొండు మీటర్లు ఏడ పోతున్నయి?"

నా దగ్గర జవాబు లేదు. కనుక్కుని రమ్మన్న. మర్నాడు కాగితం తెచ్చింది. రాత్రి షిఫ్టులో తండ్రి పక్కన కూచుని ఒకే సాంచకు గీతలు గీసింది: పోగు తెగింది పద్నాలుగు సార్లు, కండె మార్చింది ఇన్నిసార్లు, కరెంటు పోయింది రెండుసార్లు. ప్రతి గీత పక్కన నిమిషాలు. అయిదేసి గీతలకు ఒక అడ్డగీత కొట్టింది, అదెవరూ నేర్పలేదట. ఆ వారం సాంఖ్యకశాస్త్రం అధ్యాయం మొత్తం ఆ కాగితం మీదే చెప్పిన. సగటు, మధ్యగతం, బాహుళకం అన్నీ దాంట్లోనే దొరికాయి. కాగితానికి మూలన బొగ్గు లాంటి నల్లటి నూనె వేలిముద్ర ఒకటి ఉండె, వాళ్ల నాన్నది.